చెన్నైలో ఐపీ పెడితే ఇల్లు, బంగారం, మిషన్లు ఏమవుతాయి?

రాయపేట_ప్రెస్సు:

అందరికీ నమస్కారం. మాది నాయుడుపేట పక్కన పల్లె, చెన్నైకి వచ్చి శానా ఏళ్ళయింది, రాయపేటలో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుతా ఉండా. పెళ్ళిపత్రికలు, బిల్లు బుక్కులు, కల్యాణ మంటపాల పాంప్లెట్లు ఇవే మా పని. పత్రికలన్నీ వాట్సాప్‌లోకి పోయినాక ఆర్డర్లు సగానికి సగం పడిపోయినాయి, పేపర్ రేటేమో పెరిగింది, ఈ లోపల కొత్త మిషన్‌కి తీసుకున్న లోన్ ఈఎంఐ ఒకటి. ఇప్పుడు లెక్క చెప్తా. క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్ కలిపి 14 లక్షలు, పేపర్ మర్చంట్‌కి 6 లక్షలు, ఒక ఫైనాన్స్ ఆయనకి ప్రోనోట్ల మీద 9 లక్షలు, ఆయన దగ్గర నా సంతకం పెట్టిన చెక్కులు కూడా ఉండాయి, జీఎస్టీ బాకీ 1.8 లక్షలు. నెలనెలా వచ్చేదానికి, కట్టాల్సినదానికి పొంతనే లేదు.

తెలిసినోళ్ళు ఐపీ, అంటే కోర్టులో దివాలా పిటిషన్, పెట్టేయమంటా ఉండారు. పెడితే ఏమేం పోతాయి, ఏమేం మిగుల్తాయి అనేది ఎవరూ సరిగ్గా చెప్పడంలా. అంబత్తూరులో ఒక ఫ్లాట్ ఉంది, నా పేరు మా ఆవిడ పేరు ఇద్దరి మీదా రిజిస్టర్ అయింది, ఇప్పుడు 48 లక్షలు పలుకుతుంది, దాని మీద హోమ్ లోన్ ఇంకా 29 ఉంది. కొత్త మిషన్ మీద ఫైనాన్స్ కంపెనీ ప్లేటు కొట్టి ఉంది, పాత కటింగ్ మిషన్, క్రీజింగ్ మిషన్ మాత్రం రొక్కానికి కొన్నవి. మా ఆవిడ బంగారం 22 సవర్లు, అందులో 8 సవర్లు బ్యాంకులో తాకట్టులో ఉంది. ముందు ఉద్యోగం చేసిన కంపెనీ పీఎఫ్ తీయకుండా అట్లే ఉంది, ఎల్ఐసీ పాలసీ ఒకటి, ఒక యాక్టివా. ఐపీకి ముందే ఫ్లాట్‌లో నా వాటా బామ్మర్ది పేరుకి మార్చేసేయ్, పీఎఫ్ తీసేసి ఫైనాన్స్ ఆయనకి వడ్డీ కట్టేసేయ్ అని ఒకాయన సలహా. చేయొచ్చా? ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ప్లస్ టూ. తెలిసినోళ్ళు దయచేసి చెప్పండి.

ప్యారిస్_గుమాస్తా:

అన్నా, నేను లాయర్ని కాదు, హైకోర్టు ఎదురుగా ఒక అడ్వకేట్ గారి ఆఫీసులో గుమాస్తాని, ఐపీ ఫైళ్ళు నా చేతి మీదుగానే పోతుంటాయి. మొదట ఒక్క మాట, బామ్మర్ది పేరు మీదికి మార్చే పని మాత్రం చెయ్యొద్దు, ఎవరు చెప్పినా సరే. మన సిటీలో ఉన్నోళ్ళకి ఇప్పటికీ నడిచేది 1909 నాటి ప్రెసిడెన్సీ టౌన్స్ ఇన్‌సాల్వెన్సీ చట్టం, పిటిషన్ హైకోర్టులోనే వెయ్యాలి, కోర్టు మిమ్మల్ని ఇన్‌సాల్వెంట్, అంటే దివాలా తీసినోళ్ళు, అని డిక్లేర్ చెయ్యగానే మీ ఆస్తంతా అఫీషియల్ అసైనీ, అంటే దివాలా ఆస్తులు చూసుకునే కోర్టు అధికారి, చేతికి పోతుంది. డిక్లేర్ అయిన రోజు నుంచి వెనక్కి 2 ఏళ్ళ లోపల సరైన డబ్బు తీసుకోకుండా ఎవరికి రాసిచ్చినా ఆ రాతని కొట్టేయించే అధికారం ఆయనకి ఉంది. గిఫ్ట్ డీడ్ అయినా, రిలీజ్ డీడ్ అయినా, సేల్ డీడ్ అని పేరు పెట్టి డబ్బు చేతులు మారకపోయినా అంతే. అప్పులోళ్ళకి దక్కకూడదని ఆస్తి దాచినట్టు తేలితే 2 ఏళ్ళ దాకా జైలు శిక్ష కూడా ఉంది అదే చట్టంలో. మీ బామ్మర్దిని కూడా కోర్టు మెట్లు ఎక్కించినవాళ్ళు అవుతారు, పైగా రేపు జడ్జి గారి ముందు మీరు నిజాయితీగా మునిగిపోయినోళ్ళు అని చెప్పుకునే మాటకి విలువుండదు. డిశ్చార్జ్, అంటే దివాలా నుంచి విముక్తి ఇచ్చే కోర్టు ఆర్డర్, రావాలంటే ఆ మాటే కావాలి మనకి.

పీఎఫ్ అసలు ముట్టుకోవద్దు. పీఎఫ్ చట్టంలో పేరు పెట్టి మరీ రాసుంది, మీ ఖాతాలో ఉన్న డబ్బు మీద ఏ కోర్టు జప్తూ చెల్లదు, 1909 చట్టం కింద వచ్చే అఫీషియల్ అసైనీకి కూడా దాని మీద హక్కు లేదు అని. అంటే మీ ఆస్తులన్నిట్లో గట్టి గోడ ఉన్నది దీనికే. అది తీసి సేవింగ్స్ ఖాతాలో వేసుకున్నారనుకోండి, ఇక అది మామూలు డబ్బే, ఎవరైనా పట్టుకోవచ్చు. ఆ డబ్బుతో ఒక్క ఫైనాన్స్ ఆయనకి కట్టి మిగతా వాళ్ళకి కట్టకపోతే ఇంకో తంటా, ఐపీకి ముందు 3 నెలల్లో ఒకరికే ఎక్కువ మేలు జరిగేలా కట్టింది చెల్లదని అసైనీ వెనక్కి లాగొచ్చు.

ఇక మిగిలేవి. చట్టంలో రాసిన మినహాయింపు చాలా చిన్నది అన్నా, చెప్పాలంటే బాధగానే ఉంటుంది. పని పనిముట్లు, కట్టుకునే బట్టలు, పరుపులు, వంట సామాన్లు, ఇంటి సామాన్లు అన్నీ కలిపి 300 రూపాయల విలువ వరకు. 1909లో అది పెద్ద మొత్తమే, ఇప్పటికీ అదే అంకె ఉంది. అలాగని ఎవరో వచ్చి మీ ఇడ్లీ పాత్ర, మంచాలు ఎత్తుకుపోయింది నేనైతే చూళ్ళేదు, అమ్మితే కూలి ఖర్చు కూడా రాదు కాబట్టి. కానీ కటింగ్ మిషన్ అలా కాదు, సెకండ్ హ్యాండ్‌లో మంచి రేటు వస్తుంది, దాని మీద కన్ను పడుతుంది. లిస్టులో దాన్ని రాయకుండా వదిలేయొద్దు. అదొక్కటే జీవనాధారం అని పిటిషన్‌తో పాటు అడగండి, లాయర్ చేత గట్టిగా వాదించండి.

ఫ్లాట్ సంగతి వేరు. ఐపీ పెట్టినా హోమ్ లోన్ బ్యాంకు హక్కు అలాగే ఉంటుంది, తాకట్టు ఉన్నోళ్ళు ఈ ప్రొసీడింగ్‌కి బయట నిలబడి వాళ్ళ తాకట్టు వాళ్ళు అమ్ముకోవచ్చు. కొత్త మిషన్ కూడా అదే లెక్క. మీరు చెప్పిన రేటు ప్రకారం ఫ్లాట్‌లో లోన్ పోను 19 లక్షలు, సగం మీ ఆవిడది, ఆవిడ సొంత డబ్బో, పుట్టింటి డబ్బో, ఈఎంఐలో వాటానో కాగితాలు ఉంటే అవి తీసిపెట్టండి, ఆ సగం అసైనీకి పోదు. మీ సగం మాత్రం పోతుంది.

పెరంబూర్_అక్క:

తమ్ముడూ, మా ఇంట్లో కూడా ఇదంతా జరిగింది, మా ఆయన బట్టల షాపు మునిగినప్పుడు. అందుకని బంగారం గురించి నేను చెప్తాను, మగవాళ్ళకి దీని మీద సరిగ్గా తెలీదు. మీ ఆవిడ బంగారం మీ ఆస్తి కాదు. పుట్టింటివాళ్ళు పెట్టింది, పెళ్ళిలో చుట్టాలు పెట్టింది స్త్రీధనం, సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది అది భార్య సొంతం, భర్తకి దాని మీద హక్కు లేదని. కానీ కోర్టులో నాది అంటే సరిపోదు, చూపించాలి. నేనేం చేశానంటే మా పెళ్ళి ఆల్బమ్ తీసి ఒక్కో నగ ఏ ఫోటోలో ఉందో పక్కన చీటీ అంటించాను, అమ్మ కొన్న షాపు బిల్లులు నెల్లూరు నుంచి తెప్పించాను, రెండు బిల్లుల మీద సిరా వెలిసిపోయి ఉంటే షాపువాళ్ళ దగ్గరే పాత పుస్తకం చూసి స్టాంపు వేయించుకొచ్చాడు మా తమ్ముడు. నల్లపూసల దండ, చంద్రహారం, గాజులు, వంకీ ఇట్లా తూకంతో సహా లిస్టు రాసి నా సంతకం పెట్టి ఇచ్చాను. తాళి సంగతైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లోనే ఉంది, ఆచారం ప్రకారం ఆడది ఒంటి మీద నుంచి తీయకూడని నగలు జప్తు చెయ్యకూడదని.

చిక్కు ఎక్కడంటే, షాపు బాగా నడిచిన రోజుల్లో మా ఆయన డబ్బుతో కొన్న ఒక ఆరు సవర్ల నెక్లెస్‌కి బిల్లు ఆయన పేరు మీదే ఉంది. దాని మీద ప్రశ్న పడింది, పోయింది. మీవి 14 సవర్లు ఇంట్లో ఉన్నాయన్నారు కదా, అందులో ఏది ఎప్పుడు ఎవరి డబ్బుతో వచ్చిందో ఇప్పుడే మీ ఆవిడ చేత రాయించండి. లాకర్ జాయింట్ పేరుతో ఉంటే అందులో ఏమున్నాయో లాయర్‌కి ముందే చెప్పండి, పిటిషన్‌లో రాయండి. తాకట్టులో ఉన్న 8 సవర్లకి మాత్రం బ్యాంకు బాకీ కడితేనే వస్తాయి. అవి మీ అమ్మాయి పెళ్ళికని పెట్టుకున్నవైతే రెన్యూవల్ తేదీ దాటనివ్వకండి, వేలంలో వేసేస్తారు, ఆ బాధ చెప్పలేనిది.

మాజీ_రికవరీ:

నేను ఒక బ్యాంకులో రికవరీ సెక్షన్‌లో చాలా ఏళ్ళు చేశాను, ఇప్పుడు మానేశాను. బ్రదర్, కోర్టుకన్నా ముందు బ్యాంకు వైపు నుంచి ఏం జరుగుతుందో చెప్తాను. మీ క్రెడిట్ కార్డు ఏ బ్యాంకుదో అదే బ్యాంకులో మీ కరెంట్ అకౌంట్ ఉంటే రేపటి నుంచే వేరే బ్యాంకుకి మార్చండి, ఎఫ్‌డీ ఉంటే కూడా, ఎందుకంటే బాకీ పడగానే మీ ఖాతా మీద లియన్ పెట్టి, అంటే డబ్బు కదలకుండా ఆపి, లాగేసుకుంటారు, కస్టమర్ల పేమెంట్లు అందులో పడుతుంటే పేపర్ కొనడానికి కూడా మిగలదు. ఇది దాచడం కాదు, కొత్త ఖాతా సంగతి కూడా పిటిషన్‌లో రాస్తారు, కానీ వ్యాపారం రోజు గడవాలి కదా.

కార్డులకి, పర్సనల్ లోన్‌కి తాకట్టు లేదు. కాబట్టి వాళ్ళు సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకు నేరుగా స్వాధీనం చేసుకునే చట్టం) కింద వచ్చి ఇంటికి తాళం వెయ్యలేరు. సివిల్ కోర్టుకి పోవాలి, బాకీ 20 లక్షలకి తక్కువుంటే బ్యాంకు డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కి, కూడా వెళ్ళలేదు. ఏజెంట్లు ఉదయం 8 కన్నా ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని ఆర్‌బీఐ రూలు, మీ పిల్లల కాలేజీకో, పక్కింటివాళ్ళకో చెప్పడం అసలు కూడదు. చేస్తే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి, పోవచ్చు, ఫీజు ఏం లేదు.

హోమ్ లోన్‌ మీదే మీ దృష్టంతా ఉండాలి. 90 రోజులు బాకీ పడితే ఎన్‌పీఏ (మొండి బాకీ), తర్వాత 60 రోజుల నోటీసు, అప్పటికీ కట్టకపోతే స్వాధీనం. స్వాధీనం చర్య మొదలయ్యాక 45 రోజుల్లో డీఆర్‌టీలో వెయ్యొచ్చు. అంటే ఇల్లు పోవడం ఒక్క రాత్రిలో జరగదు, మధ్యలో చాలా మెట్లున్నాయి, ప్రతి మెట్టు దగ్గరా మాట్లాడే వీలుంది. బ్యాంకుకి వెళ్ళి టెన్యూర్ (లోన్ గడువు) పెంచమని, ఈఎంఐ తగ్గించమని ఇప్పుడే అడగండి, ఎన్‌పీఏ అయ్యాక అడిగితే ఎవరూ వినరు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, మీ లెక్కలో దాదాపు 31 లక్షల్లో 14 లక్షలు కార్డులవీ, పర్సనల్ లోన్‌దీ. అవి సెటిల్‌మెంట్‌కి వస్తాయి. ఐపీ పెట్టే ముందు అది ప్రయత్నించండి. నోటి మాట మీద ఒక్క రూపాయి కట్టొద్దు, బ్యాంకు లెటర్‌హెడ్ మీద సెటిల్‌మెంట్ లెటర్ వచ్చాకే కట్టండి, సిబిల్‌లో సెటిల్డ్ అని పడుతుంది, కొన్నేళ్ళు కొత్త లోన్ రాదు, అది భరించగలిగితే చాలు.

రాయపేట_ప్రెస్సు:

అందరికీ శానా థ్యాంక్స్, మా ఆవిడ కూడా పక్కన కూర్చొని చదివింది. బామ్మర్ది పేరు మాట ఇంక ఎత్తను. ఇంకొన్ని అడగాల. మా కజిన్ డల్లాస్‌లో ఉంటాడు, టెక్సాస్‌లో బ్యాంక్రప్సీ పెట్టినా ఉంటున్న ఇల్లు ఎంత విలువైనా ముట్టుకోరు, మీకు కూడా కొత్త చట్టం వచ్చింది కదా, ఎన్‌సీఎల్‌టీకి, అంటే కంపెనీ కేసుల ట్రిబ్యునల్‌కి, పో అంటాడు. అది నిజమా? రెండోది, ఊర్లో నాయన పేరు మీద ఒకటిన్నర ఎకరా ఉంది, అది ఆయన సొంతంగా కొన్నది, తాతది కాదు. నేను ఐపీ పెడితే దానికేమన్నా అవుతుందా? ఆయనకి ఇప్పటికే బీపీ, ఆయన్ని ఇందులోకి లాగడం నాకు ఇష్టంలా. మూడోది ఆ చెక్కులు.

ప్యారిస్_గుమాస్తా:

మీ కజిన్ చెప్పింది టెక్సాస్‌కి సరైనదే, అక్కడ ఉంటున్న ఇంటికి రక్షణ చాలా గట్టిది. మనకి అది పనికిరాదు. 2016లో వచ్చిన ఐబీసీలో, అంటే కొత్త దివాలా చట్టంలో, వ్యక్తులకి కూడా ఒక భాగం రాశారు, అందులో తాకట్టు లేని పనిముట్లు, ఇంటి సామాన్లు, ఎల్ఐసీ, ఒక చిన్న ఇల్లు ఇవన్నీ మినహాయింపులో ఉన్నాయి, చదివితే ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ భాగాన్ని 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీల అప్పులకి పర్సనల్ గ్యారంటీ ఇచ్చినవాళ్ళకి మాత్రమే అమలు చేశారు. మీది సొంత ప్రెస్సు, కంపెనీ కాదు, మీకు అది వర్తించదు. యూట్యూబ్‌లో ఎన్‌సీఎల్‌టీలో మీ కార్డు అప్పు మాఫీ చేయిస్తాం అని ఫీజు అడిగేవాళ్ళకి డబ్బు కట్టకండి, మా ఆఫీసుకి అలా కట్టేసి ఏడ్చుకుంటూ వచ్చినోళ్ళు ఉన్నారు.

నాయన గారి భూమి ఆయన బతికుండగా ఆయనదే, సొంతార్జితం కాబట్టి మీకు అందులో ఇప్పుడు వాటా లేదు, మీ అప్పులోళ్ళు దాని జోలికి రాలేరు. కానీ ఇది జాగ్రత్తగా చదవండి. మీరు డిశ్చార్జ్ అయ్యే లోపల మీకు వారసత్వంగా ఏదొచ్చినా అది కూడా అసైనీకే పోతుంది. డిశ్చార్జ్ రావడానికి ఏళ్ళు పట్టొచ్చు. ఆయన వయసు దృష్ట్యా, ఆ భూమి ఎవరికి చెందాలో ఆయన తన ఇష్టప్రకారం వీలునామా రాసుకోవచ్చు, మనవరాళ్ళ పేరున రాసినా అది ఆయన ఆస్తి, ఆయన హక్కు, మీరు దాచినట్టు కాదు. నాయుడుపేట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే ఇంకా మంచిది. ఆయనతో నెమ్మదిగా మాట్లాడండి, భయపెట్టకుండా.

చెక్కులే మీకున్న పెద్ద గండం. ఐపీ పెట్టినా 138 కేసు, అంటే చెక్ బౌన్స్ కేసు, ఆగదు, అది క్రిమినల్. చెక్కు వెనక్కొస్తే 30 రోజుల్లో వాళ్ళు నోటీసు పంపాలి, అందిన 15 రోజుల్లో మీరు కట్టకపోతే కేసు. 2 ఏళ్ళ దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా ఉంటుంది. నోటీసు వస్తే తీసుకోకుండా తప్పించుకోవద్దు, జవాబు ఇవ్వకుండా ఊరుకోవద్దు. ఇప్పటిదాకా ఆయనకి ఎంత కట్టారో జీపే హిస్టరీ, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి, 9 లక్షల్లో అసలెంత వడ్డీ ఎంత అనేది బయటికి రావాలి. మీటర్ వడ్డీ, కందువట్టి లాంటి అడ్డగోలు వడ్డీ అయితే తమిళనాడులో 2003 నుంచి దానికి ప్రత్యేక చట్టమే ఉంది, పోలీస్ కంప్లైంట్ ఇవ్వొచ్చు. జీఎస్టీ బాకీ కూడా డిశ్చార్జ్‌తో పోదు, గవర్నమెంట్ బాకీలు మినహాయింపు. దాన్ని ముందు వాయిదాల్లోనైనా తీర్చేయండి, చిన్నదే కదా.

వడపళని_సీఏ:

పైవాళ్ళు అన్నీ బాగా చెప్పారు, ఒకటే కలుపుతాను. ఫ్లాట్‌ని ఎలాగూ నిలబెట్టుకోలేం అనిపిస్తే బ్యాంకు వేలం దాకా ఆగకండి. బ్యాంకు అనుమతితో మీరే బయట మంచి రేటుకి అమ్మి, లోన్ కట్టేసి, మీ సగాన్ని అప్పులోళ్ళందరికీ వాళ్ళ వాటాల ప్రకారం పంచితే ఎవరూ వేలెత్తి చూపలేరు, వేలం రేటుకీ ఆ రేటుకీ చాలా తేడా ఉంటుంది. మేడమ్ గారి వాటా ఆవిడ పేరున విడిగా ఖాతాలో పడాలి, మీ ఖాతా గుండా పోకూడదు. ఒకవేళ ఐపీ వేసినా మధ్యలో రాజీకి దారి ఉంది, అప్పులోళ్ళలో సంఖ్యలో సగం కన్నా ఎక్కువమంది, బాకీ విలువలో నాలుగింట మూడు వంతుల వాళ్ళు ఒప్పుకుంటే కాంపోజిషన్‌కి, అంటే ఆ రాజీ ఒప్పందానికి, కోర్టు అనుమతి ఇవ్వొచ్చు. మీ పేపర్ మర్చంట్‌తో ఎన్నేళ్ళ సంబంధం? ఆయన మీ వైపు ఉంటే మిగతావి కదులుతాయి. ముందు ఆయన దగ్గరికే వెళ్ళండి. ఐపీ వేశాక డిశ్చార్జ్ అయ్యేదాకా 50 రూపాయలు అప్పు తీసుకోవాలన్నా ఎదుటివాళ్ళకి నేను ఇన్‌సాల్వెంట్ అని చెప్పి తీసుకోవాలి, పేపర్ అరువు మీద నడిచే వ్యాపారానికి అది చాలా కష్టం, ఈ విషయం ఇంకా ఎవరూ చెప్పలేదు.

రాయపేట_ప్రెస్సు:

పేపర్ మర్చంట్ మంచాయనే సార్, నాయన వయసుంటుంది, పండక్కి ఇంటికొచ్చి పోతాడు. సోమవారం పోయి ఆయన్ని కలుస్తా, దాచకుండా లెక్కంతా ముందు పెడతా. హోమ్ లోన్ బ్రాంచికి టెన్యూర్ లెటర్ కూడా ఆ రోజే ఇస్తా. మా ఆవిడ ఇప్పటికే ఆల్బమ్ తీసి కూర్చుంది.

ప్యారిస్_గుమాస్తా:

మంచిది అన్నా. మీ ఆవిడ బంగారం క్లెయిమ్‌కి విడిగా లాయర్ కావాలంటే లీగల్ ఎయిడ్ అడగండి, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ఇస్తారు, 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికి పోవాలో చెప్తారు. సోమవారం పొద్దున్న మాత్రం ఆ ఫైనాన్స్ ఆయన దగ్గర ఏ చెక్కు నంబర్లున్నాయో పాస్‌బుక్, చెక్కు బుక్కు కౌంటర్‌ఫాయిల్స్ చూసి ఒక కాగితం మీద రాసుకొని పోండి, లాయర్ మొదట అడిగేది అదే.